కాప్రా హోంలో మూడు చావులు, ఒక ఉప్మా

కాప్రా చెరువుకు కాస్త ఇవతల ఉన్న వృద్ధుల హోంలో నేను రెండేళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. చేసేది మాత్రం రోజూ ముప్పై మోకాళ్లు వంచి, ముప్పై తిట్లు తినడం. అన్నిటిలోకీ మొండి మోకాలు రిటైరైన సీఐ సారుది. క్రైం విభాగంలో ఏళ్ల తరబడి కేసులు తేల్చిన మనిషి. ఇప్పుడాయన చేతిలో మిగిలిన కేసు ఒక్కటే, ఉదయం టిఫిను. ఆదివారం పూరీ తప్పిస్తే వారమంతా ఉప్మానే పెడుతున్నారని ఫిర్యాదుల పుస్తకంలో రోజూ రాసేవాడు, టైము వేసి, సంతకం చేసి మరీ.

ఆ వానాకాలంలో నెల తిరక్కుండా మా హోంలో ముగ్గురు పోయారు. ముగ్గురూ ఎనభై దాటినవాళ్లే. డాక్టరు వయసు మీద తోసేశాడు. అంత సాదా కారణం సారుకు నచ్చలేదు. పైగా మూడో ఆయన సారుతో రోజూ చదరంగం ఆడేవాడు. సారు గెలుస్తున్న ఆటను మధ్యలో వదిలేసి పోయాడు. ఇంతకన్నా అనుమానాస్పదం ఏముంటుంది?

"ఏమయ్యా, జెర తలుపెయ్," అన్నాడొకనాడు, కాలు నా చేతిలో ఉండగానే. "మూడు కేసుల్ల ఒకటే కామన్ పాయింట్. ఆయా."

"ఆయా అందరికీ కామనే గద సార్. ఉన్నదే ఒక్కతి."

"నడుమల మాట్లాడకు. రెండో రూము ముసలమ్మ పోయే ముందురోజు జిలేబీ తిన్నది. షుగర్ పేషెంటు! రైల్వే ఆయన తలకాయ కూర తిన్నడు. మా చదరంగమాయన నోట్ల పండ్లు లేకున్నా గట్టి సర్వపిండి తిన్నడు. ఎవరు తెచ్చిన్రు? ఆయానే. తిన్నరు, తెల్లారి పోయిన్రు."

నేను ఉలిక్కిపడ్డానని ఒప్పుకోవాలి. నా ఉలికిపాటు చూసి ఆయనకు పదేళ్లు తగ్గాయి. ఆ రోజు మోకాలు కూడా ఇంకాస్త వంగింది.

ఆయన ఫిర్యాదు రాశాడు. కాగితం చేతికొస్తే ఆ రోజే ఆమెను పంపించేస్తానని మేనేజరు ముందే మాటిచ్చాడు. ఆయా లాలాగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి. యాభై దాటింది, భర్త మంచాన ఉన్నాడు, ఈ పని పోతే ఇంకోటి దొరకదు. ఈ సంగతి సారుకు చెప్పాను. "అది జడ్జికి చెప్పు," అన్నాడు. అయినా ముద్దాయి మాట వినకుండా కాగితం ఇవ్వడం పద్ధతి కాదని ఆమెను గదికి పిలిపించాడు. టేబుల్ లైటు ఆమె ముఖం మీదికి తిప్పాడు. పట్టపగలు. బల్బు కూడా ఎప్పుడో పోయింది.

"ఎందుకు పెట్టినవమ్మా?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేనే అడిగిన సార్, ఏం తినబుద్ధయితుందని. పొయ్యేటోళ్ల మొకం జూస్తే నాకు ఎర్కయితది. ముక్కు సన్నవడ్తది, పాదాలు సల్లవడ్తయ్. కోరిక మిగిలి పానం వోవద్దని మా అమ్మ అంటుండె. చాటుకు ఇంత డబ్బాల తెచ్చి నోట్లె వెట్టిన. గంతే."

"డైట్ చార్టు ఉన్నది గద?"

"చార్టు బతికెటోళ్లకు సార్."

సారు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆయన లెక్కలో వాళ్లు తిన్నారు కాబట్టి పోయారు. ఆమె లెక్కలో పోతున్నారు కాబట్టి తిన్నారు. సాక్ష్యం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

"మా చదరంగమాయన మంచిగ తిన్నడా?" అన్నాడు సారు, గొంతు తగ్గించి.

"రెండు ముక్కలు సప్పరించిండు సార్. మీకు సుత ఒకటి దాచుమన్నడు. మీరు పండుకున్నరు."

ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేయడం నా అలవాటు. ఆ రోజు మోకాలి పట్టీని చుట్టిందే మళ్లీ చుట్టుకుంటూ కూర్చున్నాను.

సారు కళ్లద్దాలు తీసి ముఖం ముందుకు చాపాడు. "అయితే నాది జూసి చెప్పు. దాచకు."

ఆయా తొందరపడలేదు. ముక్కు చూసింది. వంగి రెండు పాదాలూ పట్టుకుని చూసింది.

"మీకింకా ఉప్మానే సార్," అంది.

ఫిర్యాదు మేనేజరు దాకా పోలేదు. సారే దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న చదరంగం బల్ల కాలు కింద దూర్చాడు. పుస్తకంలో ఉప్మా మీద రాతలూ ఆగిపోయాయి. నేనున్నన్నాళ్లూ పొద్దున ఎనిమిదింటికి ప్లేటు మీద మూత కొంచెం పైకెత్తి చూసేవాడు. ఉప్మా కనబడితే కుదురుగా కూర్చుని అంతా తినేసేవాడు. ఆదివారం పూరీ వచ్చినప్పుడు మాత్రం, పక్కవాళ్ల ప్లేట్లన్నిటిలోకీ తొంగిచూశాకే ముట్టుకునేవాడు.