ఆదివారం కోసం దాచిన పాట

పోర్టుబ్లెయిర్‌కి ఓడ టికెట్లు ముందే తీసుకున్నాం. మావారి గొంతులో కాయలాంటి గడ్డ ఉన్న సంగతి ఆ తర్వాత తెలిసింది. రాజమండ్రిలో డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా మాటలు వీలైనంత తగ్గించమన్నారు.

"ప్రయాణం మానుకుందామండీ" అన్నాను.

"ఇంట్లో కూర్చుంటే రిపోర్టు తొందరగా వస్తుందేంటి?" అన్నారాయన బొంగురుగా.

మావారు తపాలా ఆఫీసులో గుమాస్తా. తణుకు దగ్గర మా ఊళ్ళో మాత్రం అందరికీ ఆయన మా చర్చి సంఘంలో పాట ఎత్తే మనిషి. ఆదివారం హార్మోనియం ముందు కూర్చుని ఆయన మొదటి చరణం అందుకుంటేనే ఆరాధన మొదలయ్యేది. అంతకుముందు మా తబలా వాయించే పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయని తెలిసి, సంఘమంతా ఆయన కోసం ఏడ్చి ప్రార్థన చేసి, ప్రేమగానే తబలా ఇంకొకరికి అప్పగించారు. ఆయన మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. మావారికి అదే భయం. అందుకే నా దగ్గర మాట తీసుకున్నారు. తిరిగొచ్చాక వచ్చే ఆదివారం ఆయన ఒక్కసారి పాట ఎత్తాలి. సోమవారం రిపోర్టు తెచ్చుకోవాలి. ఈలోగా సంఘంలో ఎవరికీ తెలియకూడదు. తలనొప్పి వచ్చినా ప్రార్థన మనవి చెప్పుకునే అలవాటు మాది. ఆ మాట నిలబెట్టుకోవడం నాకెంత కష్టమైందో ప్రభువుకే తెలుసు.

సునామీకి ముందు సంవత్సరాల సంగతి ఇది. విశాఖలో ఓడెక్కి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని రోజులు గడిపి దిగాం. బజారు మీదున్న మా హోటలు గది చిన్నదే. కిటికీ తెరిస్తే కింద రేవు, దాని అవతల పచ్చటి కొండలు. పొద్దున్నే పూరీ, బంగాళదుంప కూర గదికే పంపేవారు. హోటలు మేనేజరు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగాయన. ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో ఆయనే చెప్పి టాక్సీ మాట్లాడిపెట్టాడు.

టాక్సీ అతనూ తెలుగువాడే. రెండో రోజుకి ఉండబట్టలేక అడిగేశాడు.

"సారు అలిగారా అమ్మా? నిన్నట్నించీ మీతో ఒక్క మాటా లేదు."

మావారు నవ్వి, నా వైపు చూపించి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

"అర్థమైంది సార్. మా ఇంట్లోనూ ఇంతే" అన్నాడతను.

సముద్రపొడ్డుకు తీసుకెళితే అక్కడన్నీ కొబ్బరిచెట్లే. కొబ్బరిచెట్లు చూడ్డానికి గోదావరి జిల్లా నుంచి ఇంత దూరం రావాలా అని నవ్వుకున్నాం. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చోబెట్టి పగడాలు చూపించారు. పక్కన పిల్లలంతా కేకలు పెడుతుంటే నేను నీళ్ళలోకి కాక ఆయన గొంతు వైపే చూస్తున్నాను. గుటక వేసినప్పుడల్లా ఆయన మొహం కాస్త చిట్లించేవారు. సాయంత్రం అక్కడి పాత జైలు ఆవరణలో దీపాల వెలుగులో ఖైదీల కథ వినిపించారు. చీకట్లో ఆయన చెయ్యి పట్టుకుని, ఆ కథ వినకుండా నా ప్రార్థన నేను చేసుకున్నాను.

శనివారం చిన్న పడవలో ఎదుటి దీవికి వెళ్ళాం. తెల్లదొరలు వదిలేసి వెళ్ళిన ఊరు అది. అక్కడొక పాత చర్చి ఉంది. పైకప్పు లేదు. నా నడుమంత లావు చెట్ల వేళ్ళు గోడల్ని చుట్టేసి పట్టుకున్నాయి. ఒకప్పుడు ప్రభువు బల్ల ఉండే చోట జింక ఒకటి నిలబడి మమ్మల్నే చూస్తోంది. మాతో వచ్చినవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు.

"ఇక్కడెవరూ లేరుగా. ఒక్క చరణం పాడండి, నా కోసం" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. గాలి పీల్చుకోవడం కూడా వినిపించింది. మళ్ళీ మూసేసి, తల అడ్డంగా ఊపారు.

"ఉన్న కాస్తా మనూళ్ళో ఆదివారానికి దాచుకోవాలి" అన్నారు మెల్లిగా.

మర్నాడు ఆదివారం. ఎక్కడున్నా ఆరాధన మానడం మాకు చేతకాదు కాబట్టి మేనేజరు చెప్పిన తెలుగు సంఘానికి వెళ్ళాం. రేకుల షెడ్డు, నేల మీద చాపలు, వచ్చినవాళ్ళు ఎక్కువగా చేపల పని చేసేవాళ్ళు. కొత్తవాళ్ళు లేచి ఊరి పేరు, తమ పాస్టరుగారి పేరు చెప్పి వందనాలు తెలపాలి. అది ఎక్కడైనా ఉన్నదే. నేను చెప్పాను. అక్కడి పాస్టరు అయ్యగారి మొహం వెలిగిపోయింది.

"మీ అయ్యగారూ నేనూ ఒకే చోట దైవసేవకి చదువుకున్నామమ్మా! ఆయన చెబుతుండేవారు, మా దగ్గర పాడే అన్నయ్యగారు ఒకరున్నారని. ఈయనేనా? రండి అన్నయ్యగారూ, ఒక పాట."

మావారు చేతులు జోడించారు.

"గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు ఇంత సిగ్గుపడతారేంటండి?" అని అయ్యగారు ఆటపట్టిస్తే చాపల మీద అందరూ నవ్వారు.

జలుబు చేసిందంటే సరిపోయేది. దేవుడి మందిరంలో నిలబడి ఆయన నోటికి అబద్ధం రాలేదు. అయ్యగారి దగ్గరకు వెళ్ళి, చెవిలో ఉన్నదున్నట్టు చెప్పారు. సముద్రం అవతల చెప్పిన మాట సముద్రం అవతలే ఉంటుందనుకున్నారు.

అయ్యగారు కళ్ళు తుడుచుకుని అందరినీ మోకరించమన్నారు. ఒకేసారి అన్ని గొంతులూ లేచాయి. ఎవరో ఏమిటో తెలియని మా కోసం వాళ్ళు ఏడ్చి ప్రార్థించారు. అంత మనసు విప్పిన ప్రార్థన నేను మళ్ళీ వినలేదు. బయటికి వచ్చాక మావారి మొహం తేటపడింది. ఆ రాత్రి చేపల కూరతో అన్నం కడుపునిండా తిన్నారు.

మద్రాసు మీదుగా తిరిగొచ్చి రైల్లో తణుకులో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద సగం సంఘం ఉంది. మా అయ్యగారు ముందుకొచ్చి మావారిని కౌగిలించుకున్నారు.

"మాకెందుకు చెప్పలేదు అన్నయ్యగారూ? అక్కడి అయ్యగారు ఫోన్ చేశారు కాబట్టి తెలిసింది. అందరం ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నాం."

మావారు నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఏమీ లేదు.

ఆదివారం హార్మోనియం ముందు మా అయ్యగారి మేనల్లుడు కూర్చున్నాడు. మావారు అటు రెండడుగులు వెయ్యగానే ఇద్దరు ముగ్గురు లేచి ఆయన్ని చేతులు పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. "మీరు విశ్రాంతి తీసుకోండి, మేం పాడతాం" అన్నారు. ఆయన పాడదామనుకున్న పాటే ఎత్తాడు ఆ కుర్రాడు. ఆయనకిష్టమని తెలిసి, ఆయన కోసమే. ఆడవాళ్ళ వైపు నుంచి నాకు ఆయన వీపు మాత్రం కనబడుతోంది. అది కదల్లేదు.

సోమవారం రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. దేవుడు మావారిని చాలా ఏళ్ళు నాకు ఉంచాడు. అందుకు స్తోత్రం చెల్లించని రోజు లేదు. ఆ ఒక్క ఆదివారం గురించి మాత్రం దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. తప్పు చేసినవాళ్ళెవరూ లేరు. అందరూ ప్రార్థించారంతే. ప్రార్థించినవాళ్ళ మీద ఫిర్యాదు ఆయనకి ఎలా చెప్పుకోవాలో నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు కూడా ఆ పాట వచ్చినప్పుడు నేను నోరు కదపను. పైకప్పు లేని ఆ గోడల మధ్య మావారు పీల్చుకున్న గాలి చప్పుడే వినిపిస్తుంది. పక్కావిడ మోచేత్తో పొడుస్తుంది.

"పాడవేంటి వదినా?"