పన్నెండో బొమ్మ

నా రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్ళుండగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను పినపాక పంపారు. హైదరాబాదులోని ఒక యానిమేషన్ స్టూడియోలో నేను చెకర్‌ని. ఆర్టిస్టులు గీసిన బొమ్మలు కెమెరా కిందికి వెళ్ళే ముందు లెక్క చూసి, తప్పులు పట్టి, సంతకం పెట్టడం నా పని. అనుమానించినందుకే జీతమిచ్చే ఉద్యోగం. ఆ బుద్ధి ఇంట్లో కూడా పోలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అక్కడి చర్చి కోసం ఐదు నిమిషాల బొమ్మల చిత్రం తీయాలి. చివరి దృశ్యంలో శిలువ ముందు దీపం, చుట్టూ ద్రాక్షతీగ, పైన పావురం. మూడూ ఆగకుండా కదులుతూ దేవుడి నిత్యత్వాన్ని చూపాలి. ఇలాంటి కదలికను మేము సైకిల్ అంటాం. కొన్ని బొమ్మలనే మళ్ళీ మళ్ళీ తిప్పుతాం. పాస్టర్ గారు ఒక మాట మీద పట్టుబట్టారు. “మొదలు ఆయనే, చివర ఆయనే. ఏ బొమ్మతోని షురువైతదో గా బొమ్మతోనే ఖతం కావాలె. పన్నెండుండాలె, శిష్యులు పన్నెండు మంది గద.” మాట నాకు తెగ నచ్చింది. ఎక్స్‌పోజర్ షీటులో, అంటే ఏ బొమ్మ ఎంతసేపు కనపడాలో రాసే పట్టికలో, ఒకటో బొమ్మనే పన్నెండోదిగా మళ్ళీ గీయాలని రాశాను.

గీసేది కరుణ, అక్కడి అమ్మాయే. అడవి అంచు ఊరు, బీడీలు చుట్టే తునికాకు కోసే కుటుంబం. ముఖ్యమైన బొమ్మల మధ్య బొమ్మలు నింపే ఇన్‌బిట్వీనర్‌గా ఆమెను ఆరు నెలలకు తీసుకున్నాం. నా రిపోర్టు బాగుంటే హైదరాబాదులో పర్మనెంటు ఉద్యోగం. మొదటిరోజే షీటు చూసి “సార్, పన్నెండోది...” అని ఏదో అడగబోయింది. “రాసింది గీయమ్మా” అన్నాను.

వారం తర్వాత దీపం బొమ్మలు లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. ద్రాక్షతీగ పదకొండు. పావురం పదకొండు. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. పన్నెండు మందిలో ఒకరు తగ్గితే ఏసును పట్టిచ్చిన యూదా ఎవరని వెతకాల్సిందే. ఆ సాయంత్రం ఆమె సంచిలోంచి మా కాగితాల అంచులు కనిపించాయి. నమూనాలు వేరే స్టూడియోకు పోతున్నాయని నాకు నేనే కథ అల్లుకున్నాను. కాగితాలు తగ్గుతున్నాయని ఆమె వినేట్టు అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆమె తడుముకోలేదు. నాకు అదీ అనుమానమే అయింది. ఆ రాత్రే మేనేజరుకు రిపోర్టు పంపాను: పని బాగుంది, మనిషిని నమ్మలేం.

నాలుగు రోజులు కాపు కాసి, చివరికి పాస్టర్ గారి ముందే అడిగాను. కరుణ సంచిని బల్ల మీద బోర్లించింది. అన్నం డబ్బా, దువ్వెన, మూడు బొమ్మలు. మూడింటి మూలల్లోనూ పెన్సిల్‌తో “ఈడ ఆగుతాంది” అని రాసి ఉంది.

“మీరు రాసినట్టే గీసిన సార్. తిప్పి చూస్తే దీపం ఆగుతాంది. చెప్పబోతే మీరు ఇనలే. పారేద్దామంటే మీ కాగితమాయె. గందుకే తీసి పెట్టిన.” మళ్ళీ అంది: “ఆకు కొనేకాడ మా అమ్మ కట్టలు గిట్లనే లెక్కవెడతరు. యాభైల ఒక్క ఆకు తక్కువైతే దొంగనే అంటరు.”

రెండు రకాలుగానూ కంప్యూటర్‌లో తిప్పాం. పన్నెండోది కాగానే అదే బొమ్మ ఒకటోదిగా మళ్ళీ వచ్చి రెట్టింపుసేపు నిలుస్తోంది. చుట్టు చుట్టుకూ దీపానికి ఎక్కిళ్ళొచ్చినట్టుంది. పదకొండుతో తిప్పితే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో నాకే తెలియలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్చుకున్న పాఠమిది. కరుణ అంది: “ఆయనకు చివరనేదే లేదంటరు గద సార్. మరి చివరి బొమ్మ ఎందుకు?” పాస్టర్ గారు సరేనని తలూపారు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి నా రిపోర్టు తప్పని చెప్పాను. హైదరాబాదు ఖాళీలో అప్పటికే వేరే మనిషిని తీసుకున్నామని, నమ్మలేమని రాసింది మీరే కదా అని అన్నాడు. ఆ సంగతి కరుణకు నేనే చెప్పాను. ఆమె అన్నం డబ్బా, దువ్వెన సంచిలో సర్దుకుంది. తర్వాత “సిన్మల ఎన్ని పెడతున్రు సార్?” అని అడిగింది.

“పదకొండు.”

“మంచిగుంటది” అని సంచి తీసుకుని మణుగూరు బస్సుకు వెళ్ళిపోయింది.

చెకర్ ముందు తన షీటు చూసుకోవాలి. తర్వాత మనిషిని అడగాలి. రిపోర్టు ఆ తర్వాతే. నేను రాశాక అడిగాను.