శ్రీశైలం దాకా పొద్దుటి నడక

ఆరోగ్యం కోసం నడిచి మంచం పట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. బల్మూర్ బడిలో పంతులుగా ఉన్నప్పటి ముచ్చట ఇది. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. నా మోకాళ్లు చూసిన డాక్టరు, "ఇప్పుడు నడవకుంటే డెబ్బై ఏండ్లకు లేచి కూసోనికి గూడ ఒకరు పట్టాలె" అన్నాడు. ఒకరి మీద ఆధారపడి బతకడమంటే నాకు చావుకన్నా భయం.

మర్నాడే కొత్త బూట్లు తొడుక్కొని అచ్చంపేట రోడ్డెక్కాను. పది అడుగులు వేశానో లేదో, టైర్ల షాపు ఖాజా భాయ్ బండి ఆపాడు.

"ఏంది సార్, బండి ఖరాబైందా? ఎక్కుండ్రి."

"లేదు భాయ్, ఆరోగ్యానికి నడుస్తున్న."

"నడుద్దురు గాని, సార్‌ను రోడ్డు మీద ఇడిచి ఖాజా బండి మీద పోయిండంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఎక్కాను. మా దగ్గర నడిచే మనిషిని చూసి బండి ఆపకపోవడం తప్పు, ఆపిన బండి ఎక్కకపోవడం అంతకన్నా తప్పు. ఖాజా కాకపోతే ఇంకొకరు. దించిన చోట చాయ్, మిర్చి బజ్జీ తప్పవు. నెల తిరిగేసరికి మోకాళ్లు అలాగే ఉన్నాయి, పొట్ట మాత్రం పెరిగింది.

అప్పుడు పనిచేసింది నా దిక్కుమాలిన తెలివి. "మొక్కు ఉంది భాయ్. శ్రీశైలం దాక నడిచే పోవాలె. అందుకే అలవాటు చేసుకుంటున్న" అన్నాను. ఖాజా ఎక్కమనకుండా బండి ముందుకు పోనిచ్చాడు, ఆ మాట మాత్రం ఊరంతా చెప్పాడు. ఆ వారమంతా రాజులా నడిచాను.

దేవుడి పెళ్లికి ఊరంతా పెద్దలే అంటారు, నా మొక్కుకూ అంతే. ఆదివారం పొద్దున తలుపు తీస్తే నన్ను శ్రీశైలానికి సాగనంపడానికి ఇంటి ముందు జనం, డప్పు, కొబ్బరికాయలు, పూలదండ. మా ఆవిడ నా నొసట బొట్టు పెడుతూ అడిగింది.

"నాకొక్క మాట గూడ చెప్పలే. దేనికి మొక్కినవ్?"

"మోకాళ్లకు" అన్నాను, నోటికొచ్చింది.

"గట్లైతే తప్పొద్దు. తప్పితే ఉన్న మోకాళ్లు గూడ పోతయి."

అచ్చంపేట చేరేసరికి కాళ్లు కట్టెలయ్యాయి. నీళ్ల డబ్బాతో బండి మీద వెనకే వస్తున్న ఖాజాను బతిమాలాను.

"భాయ్, జర ఎక్కించుకో. ఎవరూ చూస్తలేరు."

"తోబ తోబ. మీ మొక్కు నాతోని చెడితే ఊర్లె తలెత్తుకుంటనా సార్?"

అని బండి దిగి, దాన్ని తోసుకుంటూ నా పక్కనే నడిచాడు. చెయ్యెత్తి బస్సు ఆపబోతే, కండక్టరు నా మెడలో దండ చూసి దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఐదో రోజు శ్రీశైలం చేరాను. ఆ తర్వాత పదిహేను రోజులు లేచి కూర్చోవాలన్నా మా ఆవిడ చెయ్యి పట్టాల్సి వచ్చింది. డెబ్బైకి రావలసిన గతి యాభై రెండుకే వచ్చింది.

ఇక జన్మలో నా వ్యాయామంలోకి దేవుణ్ణి లాగనని ఒట్టు పెట్టుకున్నాను. ఏ దేవుడి మీద పెట్టానో మాత్రం చెప్పను. తెలిస్తే ఆ ఒట్టు నిలబెట్టించడానికి కూడా ఖాజా నీళ్ల డబ్బా పట్టుకొని వస్తాడు.