ఎడమ చేతి కొలత

వీధి చివర కుట్టుమిషను దుకాణం ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దురుసు. ఒళ్ళు పెంచుకుని వచ్చి చొక్కా బిగుతుగా కుట్టావని ఎవరైనా అంటే, అద్దం చూపించి పంపే రకం. కుట్టుకి మాత్రం వంక పెట్టినవాళ్ళు లేరు.

ఆవిడ ప్రాణమంతా మనవరాలు. పద్నాలుగేళ్ళ ఆ పిల్లని ఇంటా బయటా పిడుగు అనే పిలుస్తారు. పుట్టుకతోనే పిడుగు ఎడమ చెయ్యి మోచేతి కింద కాస్త దూరం వచ్చి ఆగిపోయింది. అది ఎవరి కంటా పడకూడదని టైలరమ్మ ఆ పిల్లకి ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలే కుట్టింది. మండుటెండలోనూ అంతే.

పిడుగు బడి టేబుల్ టెన్నిస్ జట్టులోకి ఎంపికయ్యాక పేచీ మొదలైంది. జట్టు చొక్కాలు కుట్టే పని టైలరమ్మకే వచ్చింది. అందరికీ పొట్టి చేతులు కుట్టి, పిడుగు చొక్కాకి మాత్రం పొడుగు చేతులకి గుడ్డ పరిచింది.

"నాకూ అందరిలాగే కుట్టు. లేకపోతే నేను ఆడను," అంది పిడుగు.

"అంతమంది ముందా తల్లీ? ఆట చూస్తారా, నీ చెయ్యి చూస్తారా?"

పిడుగు వాదనకి దిగలేదు. సంచిలోంచి ఓ బొమ్మల పుస్తకం తీసి మిషను మీద పెట్టింది. "ఇది మొత్తం చదువు. చదివాక కూడా పొడుగే కుడతానంటే నీ ఇష్టం."

ఈ వయసులో బొమ్మల పుస్తకమా అని టైలరమ్మ మూతి తిప్పింది. అయినా సరేనని, మర్నాడు పొద్దున్నే మిషను పక్కకి నెట్టి కూర్చుంది. పేపరు చదివే అలవాటు కొద్దీ ఎడమవైపు బొమ్మల గళ్ళన్నీ కిందిదాకా చదివి, అప్పుడు కుడివైపుకి వెళ్ళింది. దాంతో కథ తలకిందులైంది. మేడ మీంచి పడి చచ్చిన దుర్మార్గుడు పక్క గళ్ళలో దర్జాగా టీ తాగుతున్నాడు. వీడికి చావు లేదా ఏమిటి ఖర్మ అనుకుంది. పిడుగుని అడగడం నామోషీ. పట్టు వదలకుండా ముందుకీ వెనక్కీ తిప్పి, వరసగా అడ్డంగా చదవాలని తనే కనిపెట్టింది.

కథ గాల్లో ఎగిరే ఓ పిల్లది. ఒంటికి అంటుకుపోయిన దాని దుస్తులకి బొత్తాం లేదు, జిప్పు లేదు. అందులోకి ఎలా దూరిందో బొమ్మలు వేసినవాడికే తెలియాలి. పైగా ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. అంత బలమున్న పిల్లకి చెయ్యి లేకపోవడమేమిటి, పని తొందరలో వెయ్యడం మర్చిపోయి ఉంటాడనుకుంది. పోనీలే పాపం అని సుద్దముక్కతో వేళ్ళతో సహా చెయ్యి గీసిపెట్టింది. అంతకుమించిన ఆలోచన ఆవిడకి తట్టలేదు.

ఆట సాధన ముగించుకుని వచ్చిన పిడుగు ఆ పేజీ చూసింది.

"ఈ చెయ్యి నువ్వు గీశావా?"

"బొమ్మవాడు మర్చిపోతేనూ..."

"మర్చిపోలేదు అమ్మమ్మా. ఆ అమ్మాయి అంతే."

పిడుగు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. గుడ్డముక్కతో సుద్ద తుడిచి, మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఈసారి దుస్తుల జోలికి పోకుండా పిల్లనే చూసింది. ఒకచోట మాటే లేని పేజీ ఉంది. వంతెన మీంచి జారుతున్న బస్సుకి ఆ పిల్ల భుజం ఆనించి, పొట్టి చేతిని అద్దం కింద ఊతంగా పెట్టి ఆపుతోంది. చెయ్యి ఏమైందని బస్సులో ఒక్కడూ అడగలేదు. అడిగితే చెప్పే తీరిక ఆ పిల్లకుంటేగా! టైలరమ్మకి ఏడుపొచ్చింది. లోకం చూస్తుందని ఇన్నేళ్ళూ వంక చెప్పింది గానీ, చూడలేకపోయింది తనే.

కళ్ళు తుడుచుకుని తలుపు కొట్టింది. "ఏమే, బయటికి రా. కొలత తియ్యాలి."

"నా కొలతలు నీ దగ్గర ఉన్నాయిగా?"

"ఎడమ చేతిది లేదు."

నిజమే. ఎప్పుడూ కుడిచేతి కొలతే రెంటికీ వాడేసేది. ఇప్పుడు టేపు చుడితే ఎడమ చెయ్యి బాగా సన్నంగా ఉంది. మోచేతి కిందకి వచ్చేసరికి ఆవిడ వేళ్ళు ఆగాయి. మనసు గట్టి చేసుకుని చివరిదాకా కొలిచింది.

"ఇక్కడే బంతి పెట్టుకుని ఎగరేస్తాను," అంది పిడుగు ఆ చివర చూపిస్తూ. "గుడ్డ అడ్డమొస్తే జారిపోతుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా ఆడావే?"

"నువ్వు లేనప్పుడు మడిచేసుకునేదాన్ని."

టైలరమ్మ సుద్దముక్క అందుకుని, "ఎక్కడిదాకా కావాలో చూపించు," అంది.

పిడుగు మోచేతికి బాగా పైన వేలు పెట్టింది. టైలరమ్మ ఒక్క వేలు కిందకి అని కూడా బేరమాడకుండా, సరిగ్గా ఆ కొలతకే గుడ్డకి కత్తెర వేసింది.