కోటమ్మత్తకు ఎదురెళ్ళిన వేకువలు

నరసరావుపేటలో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్ ముందు నుంచి ఈ రోజుల్లో వేకువనే మిరపకాయల లారీలు పోతుంటాయి. గేటు తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి తుమ్ములొస్తాయి. వెంటనే కోటమ్మత్త గుర్తొస్తుంది. తుమ్మితే అపశకునమంటారు కదా, ఆ మాట ఆవిడ వింటే అన్నవాళ్ళను దులిపేసేది.

మా ఊరు బొల్లాపల్లి దగ్గర. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన పోయాడు. అప్పటి నుంచి తెల్లవారుజామున గడప దాటొద్దని మా అత్తగారు కట్టడి చేసింది. ఆ వేళ అందరూ పనులకు బయల్దేరతారు, మొగుడు పోయినదాని మొహం ఎదురైతే పని చెడుతుందట. తలుపు సందులో వెలుగు తెల్లబడడం చూస్తూ, పొద్దెక్కేదాకా లోపలే కూర్చునేదాన్ని. బతుకంతా ఇంతేనా అని భయం వేసేది.

కోటమ్మత్త మా పక్కింటావిడ. చుట్టం కాదు, వరసకు అత్త అనేదాన్ని. సొంత మిరప తోట, వీధంతా వినపడే గొంతు. ఒక వేకువన వచ్చి మా తలుపు బాదింది.

"ఏమే, లే! కల్లంలో కాయ మంచుకు మెత్తబడింది. పొద్దు పొడిచేలోపు బస్తాలకెత్తాల. ఎండెక్కిందంటే కాయ విరిగి గింజంతా రాలుద్ది."

"ఈయేళప్పుడు నేను బయటికొస్తే ఏమంటారత్తా?"

"అనేవోళ్ళొచ్చి నా బస్తాలు తొక్కుతారా ఏంది? రా."

మా అత్తగారు ఏదో గొణిగింది. కోటమ్మత్త చెవిన పెడితేగా! కల్లానికి వెళ్ళేసరికి కాయల కుప్ప చీకట్లో నల్లగా ఉంది. చూస్తుండగానే తూరుపు తెలుపెక్కి, కుప్ప మెల్లగా ఎర్రబడింది. ఎన్నాళ్ళయిందో ఆ వెలుగు చూసి. ఏడుపు ఆగలేదు. ఘాటుకని చెప్పాను.

సరుకు ట్రాక్టరు గుంటూరు బయల్దేరే వేకువన, ఆవిడ నా చేతికి నీళ్ళ చెంబిచ్చి నన్నే ఎదురు రమ్మంది. డ్రైవరు తల తిప్పుకున్నాడు. పక్కకు తప్పుకోవాలనిపించింది. అయినా వెళ్ళాను. తీరా చూస్తే ఆ రోజే మిరప ధర పడిపోయింది! వీధంతా నా వంకే చూసింది. మర్నాడు గడియ పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ అదే బాదుడు.

"ఏమే, ధర పడింది గుంటూరులో, మీ ఇంట్లో కాదు. ఊరందరికీ పడింది. అందరికీ నువ్వే ఎదురెళ్ళావా? అంత తీరికెక్కడిదే నీకు?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. గడియ తీశాను. మళ్ళీ ఏ వేకువనా ఆ తలుపు వేసుకోలేదు.

చివరి రోజుల్లో ఆవిడకు చూపు పోయింది. నేను వేకువనే వెళ్ళి మంచం పక్కన కూర్చునేదాన్ని. అలికిడి విని చేయి చాచి, నా నుదురూ చెంపలూ తడిమి చూసుకునేది.

"ఆఁ, తెల్లారిందే," అనేది. అప్పటికింకా పొద్దు పొడిచేది కాదు.

ఆవిడ పోయాకే నేను ఈ పనికి వచ్చాను. ఇవాళ పిల్లలకు పరీక్ష. మసక వెలుతురులో బస్సు కోసం ఒక్కొక్కరే మెట్లు దిగుతున్నారు. పక్కకు తప్పుకోవాలని నా కాళ్ళకు ఇప్పటికీ ఒక్క క్షణం అనిపిస్తుంది. గేటు బార్లా తీసి, వాళ్ళకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"వెళ్ళొస్తాం ఆంటీ!"

"వెళ్ళిరండమ్మా," అన్నాను, "తెల్లారింది."