ఉస్తాద్‌కు నా వేళ్ళు

నా చిన్నప్పుడు మా బాపు సినిమా మోసేవాడు. నవ్వకండి, నిజంగానే మోసేవాడు. అప్పట్లో సినిమా అంటే రేకు డబ్బాల్లో చుట్టి పెట్టిన రీళ్ళు. రెండు హాళ్ళు కలిసి ఒకటే సినిమా తెచ్చుకునేవి. మొదటి హాల్లో ఆట ముందు మొదలయ్యేది, రెండో హాల్లో కొంచెం వెనకగా. ఇక్కడ ఆడేసిన రీళ్ళను బాపు మోటారు సైకిల్ వెనక తాళ్ళతో కట్టుకుని అక్కడికి పరుగెత్తేవాడు. అవి దించి, మళ్ళీ వెనక్కి వచ్చి తరువాతి డబ్బాలు ఎత్తుకునేవాడు. రోజంతా అదే పని. నడుమ బండి ఆగిందంటే రెండో హాల్లో తెర తెల్లబోయేది.

ఒకసారి ఆగింది. అప్పట్లో బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మెకానిక్ దగ్గరికి పోయేవాడు. అతను ఇంజన్ వేడి మీద ఉండగానే మూత విప్పి, మనం ఛాయ్ తాగేలోపు పని ముగించేవాడు. టకటకమనే చప్పుడు పూర్తిగా పోయేది. మక్కన్ లెక్క మెత్తగ నడుస్తుంది చూడు భాయ్ అనేవాడు. బాపు మురిసిపోయేవాడు. ఇంజన్‌లో వాల్వు అంటే తలుపు లాంటిది. ఇంజన్ వేడి మీద సరిచేస్తే, ఆ తలుపును తెరిచి మూసే ఊచలు చల్లారాక మరీ బిగుసుకుంటాయి. అప్పుడు చప్పుడు రాదు, కానీ తలుపు పూర్తిగా పడదు. ఆ సందులోంచి మంట తన్నుకొచ్చి వాల్వు అంచును కొరికేస్తుంది. మా బండికి అదే అయింది. రీళ్ళు వీపున పెట్టుకుని నడిరోడ్డు మీద ఊపిరి వదిలేసింది. అక్కడ హాల్లో జనం కుర్చీలు విరిచారు. మేనేజర్ బాపు చొక్కా పట్టుకుని, ఇంకొక్కసారి బండి ఆగితే ఇటు రావద్దన్నాడు. ఇంట్లో అప్పటికే మేము నలుగురు పిల్లలం.

కొత్త వాల్వు వేయించుకున్నాక, దాన్ని నమ్మకంగా చూసే మనిషి కోసం బాపు గల్లీ గల్లీ తిరిగాడు. కిషన్‌బాగ్ పోయే తోవలో ఒక చిన్న షాపు కనబడింది. ఆ ముసలాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు, షాపు వెనక గదిలోనే ఉండేవాడు. బాపు పోగానే బండి మీద చెయ్యి వేసి, "ఇంజన్ వేడున్నది భాయ్. ఈడ పెట్టి పో, రేపు పొద్దుగాల చూస్త. గిప్పుడే గావాలంటే ముందట మస్తు దుకాన్లున్నయ్" అన్నాడట. బాపు తిట్టుకుంటూనే బండి వదిలి, ఆ సాయంత్రం అద్దె సైకిల్ మీద డబ్బాలు మోశాడు. కానీ ఇంటికి వచ్చి అమ్మతో, వచ్చిన గిరాకీని పొమ్మన్న మెకానిక్‌ను మొదటిసారి చూసిన అన్నాడు.

అప్పటినుంచి మా బండికి ఆయనే దిక్కు. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది కాబట్టి బాపు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఉస్తాద్ పక్కన ఉన్న చిన్న మూత విప్పేవాడు. లోపల సన్నటి ఊచలు రెండు నిలబడి ఉండేవి. మొదట్లో ఆయన వాటిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని తిప్పి చూసుకునేవాడు. కొన్నాళ్ళకు నన్ను పిలవడం మొదలుపెట్టాడు.

"జర ఇటు రా బేటీ. నా ఏళ్ళు లావైనయ్, సందులకు పోతలేవు. ఈ ఊచను తిప్పు. ఆరాంగ తిరుగుతుందా, నక్రాలు జేస్తుందా?"

"నక్రాలు జేస్తుంది చాచా."

ఆయన పానాతో నట్టును కాస్త తిప్పేవాడు. "గిప్పుడు?"

"తిరుగుతుంది, గని మీదికి కిందికి ఊగుతుంది."

"గట్ల ఊగద్దు. తిరగాలె, ఊగద్దు. గింతే."

నేను సరే అనేదాకా ఆయన మూత పెట్టేవాడు కాదు. అంత పెద్ద మనిషి నా మాట కోసం ఆగుతున్నాడని నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఇంటికి పోయి తమ్ముళ్ళ మీద పెత్తనం చేసేదాన్ని. బాపు కూడా వేళాకోళం ఆడేవాడు, నా బిడ్డకు జీతం ఇయ్యాలె ఉస్తాద్ అని. జీతమెందుకు భాయ్, దుకానే రాసిస్త అనేవాడు ఆయన. అది మాకు ఆటలాగే ఉండేది.

ఒక పొద్దున పని అయిపోయింది. ఉస్తాద్ బండి స్టార్టు చేసి, చప్పుడు వింటూ చాలాసేపు నడిపి ఆపాడు. బాపు ఛాయ్ తేవడానికి ఎదురుగా ఉన్న హోటల్‌కు పోయాడు. ఉస్తాద్ కింద నట్టు ఏదో బిగించడానికి గొంతుకూర్చుని, ఎడమచెయ్యిని పొగ గొట్టం మీద ఆన్చాడు. కాలిన వాసన వచ్చింది. టైరు ముక్క అనుకుని నేను చుట్టూ చూశాను. తరువాత ఆ చెయ్యి చూశాను.

చాచా చెయ్యి, చెయ్యి అని అరిచాను. ఆయన ముందు నా మొహం చూశాడు, ఆ తరువాత తన చెయ్యి చూసుకున్నాడు. ఎవరిదో వస్తువును పక్కకు జరిపినట్టు దాన్ని మెల్లగా ఎత్తాడు. చర్మం గొట్టానికే అంటుకుని ఉండిపోయింది. ఆయన మొహంలో నొప్పి లేదు. నాకు భయమేసింది అందుకే. నొప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

బట్టపేలిక చుట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. ఆయన ఏమనబోయాడో నాకు పెద్దయ్యాక అర్థమైంది. బాపుకు చెప్పకు బేటీ. ఆ ఒక్క మాట సరిపోయేది. నేను ఆయన్ను అంత ఇష్టపడేదాన్ని, ప్రాణం పోయినా చెప్పేదాన్ని కాదు. కానీ ఆయన అడిగింది వేరు. "మీ బాపుకు అన్నీ చెప్తవా బిడ్డా?" అన్నాడు. చెప్త చాచా అన్నాను. మంచిదన్నట్టు తల ఊపాడు.

బాపు రెండు చేతుల్లో రెండు గ్లాసులతో వచ్చాడు.

"కూసో భాయ్. ఏడాదిసంది నా ఏళ్ళకు ఏం తెలుస్తలేదు. నీ బండి నేను జూస్తలేను. నీ బిడ్డ జూస్తుంది."

"పొద్దుగాల పొద్దుగాల మజాకా ఉస్తాద్?" అని బాపు నవ్వాడు. ఉస్తాద్ పేలిక విప్పి చూపించాడు. బాపు నవ్వు ఆగిపోయింది.

దవాఖానాలో పెద్దరోగమని, అంటే కుష్టు అని చెప్పారట. ఊచల బిగువు వేళ్ళకు తెలియాలి, వేళ్ళు చచ్చిపోయాయి. అందుకని ఏడాదిగా ఎవరి బండికీ వాల్వు పని ఒప్పుకోకుండా, తీరిక లేదని చెప్పి వేరే చోటికి పంపేస్తున్నాడట. పంచర్లు, చైన్లు, బ్రేకులు, కంటితో చూసి చేసే పనులే చేస్తున్నాడట. మా బండి ఒక్కటే ఉంచుకున్నాడు, నేను పోతున్నాను కాబట్టి.

"మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?" అని అడిగాడు బాపు.

"చెప్తే దుకాన్ పోతది."

"గిప్పుడు చెప్తే పోదా?"

"పోతది. గని బిడ్డ జూసింది భాయ్. నేను చెప్పకుంటే ఆమె దాచాలె. గింత పోరి నెత్తిన గంత మూట పెడ్తనా?"

బాపు చేతిలో ఉన్న రెండో గ్లాసును ఉస్తాద్ చేతికి ఇవ్వబోయి, ఆగి, పక్కన రాయి మీద పెట్టాడు. ఉస్తాద్ అది చూశాడు. చూసి కూడా, మా బండి ముందుముందు ఎక్కడికి తీసుకుపోవాలో నిదానంగా చెప్పాడు. లాల్‌దర్వాజా వెనక ఒకడున్నాడు, వాని నోరు పాడుది గని చెయ్యి మంచిది, ఇంజన్ సల్లగయ్యేదాకా మూత ముట్టడు, తీసిన సామాను నీ చేతిలో పెడ్తడు, వేడి మీద ఇప్పెటోని దగ్గరకు మాత్రం పోకు అన్నాడు. మేము వచ్చేసేటప్పటికి ఆ ఛాయ్ రాయి మీదే ఉంది.

ఇంట్లో అమ్మ ఒకటే లొల్లి చేసింది. బూడిదతో, శీకాయతో నా చేతులు మంట పుట్టేదాకా రుద్దింది. నా గౌను కాల్చేసింది. కుష్టు అలా ముట్టుకుంటే అంటుకునే రోగం కాదని, మందులతో నయమవుతుందని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఆ హోటల్‌లో విన్నవాళ్ళు ఉండనే ఉన్నారు. వారం తిరగకముందే ఉస్తాద్ దగ్గర పంచర్ కూడా వేయించుకునేవాళ్ళు లేకపోయారు. హోటల్‌వాళ్ళు ఆయనకు ఛాయ్ పంపడం మానేశారు. షాపు అద్దెకిచ్చినాయన వచ్చి, సామాను బయట పెట్టించి తాళం వేశాడు. ఆ గది పోతే ఆయనకు పడుకునే చోటు కూడా లేదు.

ఆయన చెప్పిన మెకానిక్ మంచివాడే. మా బండి మళ్ళీ దారిలో ఆగలేదు, బాపు పని నిలబడింది, మేము తిన్నాం. కొన్నాళ్ళకు బాపు ధైర్యం చేసి ఉస్తాద్‌ను వెతుక్కుంటూ పోయాడు. ఊరి బయట ఆ రోగులుండే ఆసుపత్రికి పోయాడని ఒకరన్నారు, అక్కడికి పోతే అలాంటి మనిషి రాలేదన్నారు. ఆయన ఎక్కడ చచ్చిపోయాడో మాకు తెలియదు. బాపు ముసలితనంలో మంచం పట్టినప్పుడు ఎవరి గురించీ మాట్లాడేవాడు కాదు గానీ, అమ్మ గ్లాసు అందిస్తే ఒక్కోసారి, చేతికియ్యకపోతిని అని గొణిగేవాడు. అమ్మకు అర్థమయ్యేది కాదు. నాకు అయ్యేది.

ఉస్తాద్ నాకు నేర్పింది ఊచలు తిప్పడం కాదు. ఇళ్ళల్లో మనం పిల్లలకు ఎంత తేలిగ్గా చెప్తాం, మీ నాన్నకు చెప్పకు, మీ అమ్మకు చెప్పకు అని. నేను నలుగురిని పెంచాను, వాళ్ళ పిల్లలను పెంచాను. ఆ మాట ఒక్కరితోనూ అనలేదు. అనాల్సిన అవసరాలు రాక కాదు.

మొన్న చలికాలం దగ్గు పట్టుకుంది. ఒకనాడు రుమాల్లో నెత్తురు కనబడింది. కొడుకు ఇంటి లోను కడుతున్నాడు, వాడికి ఇప్పుడే ఎందుకు అనుకుని రుమాలు మడిచాను. తలెత్తితే గుమ్మంలో మనవరాలు నిలబడి ఉంది. చూసేసింది. "నానమ్మా, డాడీకి చెప్పకుండా ఉండాలా?" అంది, నా నోట్లోంచి ఆ మాట రాకముందే. దానికి ఎనిమిదేళ్ళు. నేను అక్కడినుంచే కొడుకును కేకేసి పిలిచాను. రుమాలు విప్పి చూపించాను.

ఆసుపత్రికి పోయి పరీక్షలకు నెత్తురు ఇచ్చి వచ్చాం. ఏమొస్తుందో తెలియదు. మంచిది వస్తుందని నాకేం ఆశ లేదు. పిల్ల మాత్రం నెత్తిన ఏ మూటా లేకుండా పక్కగదిలో పాఠం గట్టిగా చదువుకుంటోంది.