కాకి పిట్ట కాదన్న బావగారు

మా పెద్ద బావగారికి ఊళ్లో పిట్టల దాత అని పేరు. నరసరావుపేట దగ్గర పల్లెలో ఆ ఇంటికి నేను చిన్న కోడలిగా వెళ్లేటప్పటికే ఆ పేరు స్థిరపడిపోయింది. యుద్ధం రోజులు, గింజలకు కటకటగా ఉండేది. అయినా వేప పూతకొచ్చిందంటే చాలు, ఏరి ఏరి తెచ్చిన జొన్న కంకులు దొడ్లో చూరుకు వేలాడగట్టేవారు. నాపరాయి తొట్టి నిండా నీళ్లు పోయించేవారు. మోసేది నేనూ, ఆయన భార్య మా తోడికోడలూ, పుణ్యం ఆయనది.

ఇక నులకమంచం వాల్చుకుని చూడటమే పని. పిచ్చుకలొస్తే మురిసిపోయేవారు. గోరింకలకూ పికిలిపిట్టలకూ అభ్యంతరం లేదు. ఉడతను కూడా రాముడి మొహం చూసి వదిలేసేవారు. కాకి వాలిందంటే మాత్రం పూనకమే. చేలో కాపలాకు వాడే వడిసెల తెచ్చి రాయి విసిరేవారు. కాకి పిట్టే కాదు, దొంగ అని గోడ అవతలివాళ్లకు వినపడేలా తీర్పు చెప్పేవారు. రెండేళ్లు తిరక్కుండానే, ఆయన తలపాగా కనపడితే కాకులు దారి మళ్లడం నేర్చుకున్నాయి.

ఇంట్లో మనుషుల సంగతి వేరు. మా అత్తగారు కంచం ముందు కూర్చుంటే ఆ కొడుకు ఎదురుగా చేరి, ఈ వయసులో అంత అరుగుతుందా అనేవారు. ఆవిడ చెయ్యి కడిగేసుకునేది. ఆయన పొలానికి పోయాక మా తోడికోడలు మళ్లీ ముద్దలు కలిపి పెట్టేది. అలా చాటుగా తింటూనే పోయింది ఆ పెద్ద ప్రాణం. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. అదీ వేప పూత రోజుల్లోనే. చుట్టాలంతా దిగారు. దొడ్డి గోడ మీద విస్తరి పెట్టించి, పిట్టకు పెట్టమన్నారు పెద్దలు. ఆ మాటలో పిట్టంటే కాకేనని మా దాతగారికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

కాకి ముట్టేదాకా ఎవరూ భోజనానికి కూర్చోకూడదు. ముట్టకపోతే తల్లి తీరని కోరికతో పోయిందని, కొడుకు సరిగ్గా చూడలేదని ఊరంతా అనుకుంటుంది. ఆయన తలపాగా సర్దుకుని కావు కావుమని పిలిచారు. కాకులు వేప చిటారుకొమ్మన కూర్చుని ఆయన్నే చూస్తున్నాయి. పిచ్చుకలు మాత్రం నమ్మకంగా వచ్చి గారెను పొడిచి పోయాయి. అవి లెక్కలోకి రావన్నారు పెద్దలు.

తల్లి కోరికేమిటో గుర్తు చేసుకోమన్నారు. మా ఆడబిడ్డకు వెంటనే గుర్తొచ్చింది, అమ్మ చూడిగేదెను తనకిస్తానందని. బావగారు తప్పనిసరై గేదెను ఇస్తానని అందరి ముందూ మాటిచ్చారు. కాకి కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆకలికి చుట్టాల మొహాలు మాడిపోయాయి.

చివరికి గడపలో కూర్చున్న మా తోడికోడలు లేచింది.

"నువ్వు లోపలికి పోయి తలుపేసుకోవయ్యా."

"నేనెందుకే? పెట్టాల్సింది నేను గదా."

"మీ అమ్మ ఉన్నప్పుడూ అంతేగా. నువ్వు ఎదురుగా ఉంటే ఏనాడు ముద్ద మింగింది?"

అందరూ తలలు దించుకున్నారు. ఆయన లోపలికి పోయారు. గడియ పడిన చప్పుడుకే ఒక కాకి దిగింది, వెనకే మరో రెండు. కాసేపటికి తలుపు వెనక నుంచి ముట్టిందా అని అడిగారు.

"ముట్టింది," అంది మా తోడికోడలు. "కడుపునిండా తిననియ్యి. అప్పుడే బయటికి రామాక."